మల్లి తప్పేముంది?

పోయిన ఎండాకాలంలో ఎమ్మిగనూరులో, మా చెల్లెలింట్లో, ఒక పంచాయితీ జరిగింది. ముద్దాయి పేరు మల్లి. వయసు మూడేళ్ళు. ఒళ్ళంతా తెలుపు, కుచ్చులాంటి తోక, ముఖమ్మీద ముక్కెక్కడుందో వెతుక్కోవలసినంత చప్పిడి. జాతి పర్షియన్. నేరం ఏమిటంటారా? మూడు తెల్లపిల్లలతోబాటు ఒక బూడిదరంగు పిల్లని కనడం!

నవ్వకండి. అక్కడ ఎవరూ నవ్వలేదు.

నేను ఆదోనిలో ముప్ఫయ్యేళ్ళు ఆడపిల్లలకి సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ఆ రోజు పొద్దున్నే చెల్లెలు ఫోను చేసి, "అక్కా, ఒకసారి వచ్చిపో. మల్లిని ఎవరికో ఇచ్చేస్తామంటున్నారు" అంది. గొంతు ఎలాగో ఉంది. పత్తి లారీల వెనకాల బస్సు నత్తనడక నడుస్తూంటే దారి పొడుగునా ఆ గొంతే ఆలోచించాను. పిల్లి కోసం అంత బాధా అని.

విషయం ఇదీ. మా మరిదికి బట్టల వ్యాపారం. మూడేళ్ళ క్రితం పిల్లలు మారాం చేస్తే బెంగుళూరు నుంచి మల్లిని తెచ్చాడు. దానితోబాటు వంశవృక్షం కాగితం ఒకటి. మా చెల్లెలి డిగ్రీ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టె అడుగున ఎక్కడో ఉంది గానీ, మల్లి కాగితం మాత్రం లామినేషన్ చేయించి బీరువాలో పెట్టారు. వ్యాపారం చేసే మనిషి కదా, పెట్టిన డబ్బు రాబట్టుకోవాలనిపించింది. తెల్ల మగపిల్లి ఉన్న ఒకాయనతో బేరం కుదుర్చుకున్నాడు. "తెలుపూ తెలుపూ కలిస్తే అన్నీ తెలుపే, గ్యారంటీ" అన్నాడాయన. కాన్పు కాకముందే నలుగురు అడ్వాన్సులిచ్చారు. తొమ్మిది వారాలకి నాలుగు పిల్లలు పుట్టాయి. మూడు తెలుపు. ఒకటి వానమబ్బు రంగు.

మగపిల్లి యజమానికి ఫోనులో ఫోటో పంపితే ఆయనగారి తీర్పు వెంటనే వచ్చేసింది. "మా దాంట్లో మచ్చ లేదండీ. మీ పిల్లి ఇంతకు ముందు వీధిపిల్లితో కలిసింది కదా? ఆ రక్తం ఇంకా లోపలుంది. ఇక అది జాతిపిల్లిగా పనికిరాదు. ఎవరికైనా ఇచ్చేసుకోండి."

అవును, కలిసింది. ఏడాదిన్నర క్రితం ఒక రాత్రి పెరటి తలుపు తెరిచి ఉంటే మల్లి బయటికి పోయింది. వీధిలో ఎర్రపిల్లి ఒకటి ఉండేది. ఆ కాన్పు పిల్లల్ని అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశారు కూడాను. ఆ పాత కథ ఇప్పుడు బయటికి లాగారు.

చెల్లెలి అత్తగారు పీట మీద కూచుని, "ఒగసారి చెడిన్యాక ఇంగేముంటాదమ్మా" అన్నారు. ఆమె మనసులో కల్మషం లేదు. తాను విన్నదే అంటున్నారు. కానీ ఆ మాట అనగానే మా చెల్లెలు తల వంచుకుని గచ్చు వైపు చూసిందే, అప్పుడు నాకు ఫోనులో గొంతు ఎందుకలా ఉందో అర్థమయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మల్లి తరఫున వకాల్తా పుచ్చుకోనివ్వండి.

"మరిదిగారూ, ఆ బీరువాలో కాగితం ఒకసారి ఇటివ్వండి" అన్నాను.

కాగితంలో రాసే ఉంది. మల్లి తండ్రి తెలుపు, తల్లి బూడిదరంగు. చదివేవాళ్ళు లేక అది మెరుస్తూ పడుంది, అంతే!

ఇక్కడ ఒక చిన్న పాఠం. పిల్లుల్లో ఇలాంటి తెలుపు అసలు రంగే కాదు. రంగు మీద కప్పిన దుప్పటి. ఎమ్మిగనూరు వాళ్ళకి దుప్పటి సంగతి నేను చెప్పాలా? 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టిన దగ్గర్నించీ దుప్పట్లతో బతుకుతున్న ఊరిది. దుప్పటి కింద పడుకున్నది ఎవరో పైనించి చూస్తే తెలుస్తుందా? అలాగే తెల్లపిల్లి లోపల నలుపో, బూడిదో, ఎరుపో ఏదో ఒక రంగు ఉండనే ఉంటుంది. కనపడదు, అంతే. తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ చొప్పున జన్యువులు జంటగా వస్తాయి కదా. ఆ రెండింట్లో ఒక్కటి దుప్పటి జన్యువైనా చాలు, పిల్లి తెల్లగా ఉంటుంది. మల్లికి తండ్రి దుప్పటి ఇచ్చాడు. బూడిదరంగు తల్లి దగ్గర దుప్పటి లేదు కాబట్టి ఇవ్వలేదు. అంటే మల్లి చేతిలో దుప్పటి ఒక్కటే. దాన్ని సగం మంది పిల్లలకే ఇవ్వగలదు.

మరి మగపిల్లి మాటేమిటి? దాని దగ్గర రెండు దుప్పట్లుంటే పిల్లలన్నీ తెల్లగానే పుట్టాలి. బూడిద పిల్ల పుట్టిందంటే దాని దగ్గరా ఒక్కటే ఉందన్నమాట. ఇలాంటి జంటకి పుట్టే ప్రతి పిల్లా తెల్లగా ఉండే అవకాశం నాలుగింట మూడు వంతులు. నాలుగు పిల్లలకి నాలుగూ తెల్లగా పుట్టే అవకాశం ఎంతో తెలుసా? నాలుగు ముప్పావుల్ని హెచ్చవేసుకుంటూ పోతే నూటికి 32. అంటే మూడు కాన్పుల్లో ఒకదానికి. మిగతా రెంటిలో ఎక్కడో ఒక రంగుపిల్ల తొంగిచూసి తీరుతుంది. దీనికా మనిషి గ్యారంటీ ఇచ్చింది! సినిమా హాలు ముందు బ్లాకులో టిక్కెట్లమ్మేవాడు కూడా అంత ధైర్యంగా మాట్లాడడు.

"సరే వదినా, తెలుపు కాకపోయె. బూడిద యాడిది?" అన్నాడు మరిది.

అదే అసలు ప్రశ్న. బూడిదరంగు అంటే పలచబడ్డ నలుపు. ఆ పలచన చేసే జన్యువు తల్లి నుంచీ రావాలి, తండ్రి నుంచీ రావాలి. ఒకరే ఇస్తే చాలదు. భార్యాభర్తల జాయింటు అకౌంటులో ఇద్దరూ సంతకం పెడితేగానీ చెల్లని చెక్కు లాంటిది. మల్లి తల్లి బూడిద కాబట్టి మల్లి సంతకం ఉందని మనకి ముందే తెలుసు. రెండో సంతకం? ఆ మచ్చలేని మగమహారాజుది! ఆ పిల్ల వొంటిమీద ఉన్న పొడుగు వెంట్రుకలూ అంతే. అవీ ఇద్దరూ ఇస్తేనే వస్తాయి. వీధిలో ఎర్రపిల్లికి పుట్టిన నాలుగూ పొట్టి వెంట్రుకల పిల్లలే కదా? మా చెల్లెలు తలెత్తి, "అవునక్కా, అన్నీ పొట్టివే" అంది.

ఒక మాట ఒప్పుకోవాలి. పిల్లుల్లో ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలుండటం మామూలే. కాబట్టి ఎదలో ఉన్నప్పుడు రెండు మగపిల్లులతో కలిసిందేమోనని అడిగితే అది అడగదగ్గ ప్రశ్నే. కానీ ఈసారి మల్లిని మేడమీది గది దాటనివ్వలేదు. అయినా ఆయన అన్నది అది కాదు. ఏడాదిన్నర కిందటి వీధిపిల్లి రక్తం ఇప్పుడు పనిచేస్తోందని. అది ప్రశ్న కాదు, అపవాదు.

అపవాదు పాతదే. మన పల్లెల్లోనే పుట్టిందనుకోకండి, దొరల ఇళ్ళల్లోనూ ఉండేది. మోర్టన్ ప్రభువు అని ఒకాయన తన ఎర్రగుర్రాన్ని క్వాగ్గా అనే చారల గుర్రంతో దాటించాడు. క్వాగ్గా ఆఫ్రికా జంతువు, 1883లో చివరిదీ చచ్చిపోయింది. తర్వాత అదే ఆడగుర్రాన్ని నల్ల అరబ్బీ గుర్రంతో దాటిస్తే పుట్టిన పిల్లల కాళ్ళమీద చారలు కనబడ్డాయట. ఇంకేం, మొదటి మగనిగుర్తు ఆడదాని ఒంట్లో మిగిలిపోతుందని 1820లో లండన్ రాయల్ సొసైటీకే రాశాడు. డార్విన్ అంతటివాడు కూడా ఆ కథని నమ్మాడు. 1890లలో స్కాట్లండులో కోసర్ యూయర్ట్ అనే ప్రొఫెసరు పట్టుదలగా మగ జీబ్రాని తెచ్చి, ఆడగుర్రాలతో కలిపి, ఆ తర్వాత అవే గుర్రాలకి మామూలు గుర్రాలతో పిల్లల్ని పుట్టించి చూశాడు. జీబ్రా జాడ లేదు. చారలంటారా, జీబ్రా మొహం ఎరగని గుర్రాలకీ అప్పుడప్పుడూ పుడతాయని తేల్చాడు. చూశారా, ఒక ఆడగుర్రం మీద పడ్డ నింద తుడవడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది. మగగుర్రం తాతల్లో ఎవరికైనా చారలున్నాయేమో అని అంతకాలమూ ఎంతమందికి తట్టిందంటారు?

ఇప్పుడా మొదటి కాన్పు సంగతీ చెప్పాలి. అందులోనే ఉంది అసలు తమాషా. ఎర్రపిల్లికి పుట్టిన నాలుగింట్లో రెండు తెలుపు. ఒకటి నలుపూ ఎరుపూ కలగలిసిన ఆడపిల్ల. నాలుగోది చారల మగపిల్ల, వీధి చివర కిరాణా కొట్లో ఇప్పటికీ ఉంది. దాని ఒంటిమీద ఎరుపు వెంట్రుక ఒక్కటి లేదు. "తండ్రి పోలిక రవ్వంతైనా రాలేదే!" అని అప్పట్లో వాడకట్టంతా ఆశ్చర్యపోయిందట.

ఎలా వస్తుంది? పిల్లుల్లో ఎరుపు జన్యువుండేది ఎక్స్ క్రోమోజోము మీద. మగపిల్లకి తండ్రి ఇచ్చేది వై. ఎక్స్ తల్లి ఇవ్వవలసిందే. కాబట్టి ఎర్రతండ్రి తన ఎరుపుని కూతురికే ఇవ్వగలడు, కొడుక్కి ఇవ్వలేడు. కొడుకు ఎర్రగా ఉన్నాడంటే అది తల్లి పెట్టిన భిక్ష! ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు. ఒకదాని మీద ఎరుపూ, రెండోదాని మీద నలుపూ ఉంటే రెండూ కలగలిసి పుడుతుంది. అందుకే ఎరుపూ నలుపూ కలిసిన పిల్లి కనబడితే నూటికి తొంభైతొమ్మిదికి పైగా అది ఆడదే. ఈసారి మీ వీధిలో చూడండి, తోకెత్తి చూడనక్కరలేకుండా చెప్పేయవచ్చు.

మరి ఒకే ఒంటిమీద ఇక్కడ ఎరుపు, అక్కడ నలుపు ఎందుకు? 1949లో కెనడాలో మర్రే బార్ అనే ఆయన ఆడపిల్లుల నరాల కణాల్లో ఒక చిన్న చుక్క చూశాడు. మగపిల్లుల్లో అది లేదు. 1961లో ఇంగ్లండులో మేరీ లయన్ అనే ఆవిడ దాని అర్థం విప్పింది. ఆడదాని ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి ముడుచుకుని నిద్రపోతుందనీ, ఏది నిద్రపోవాలో కడుపులో ఉండగానే ఒక్కో కణం తనకి తోచినట్టు నిర్ణయించుకుంటుందనీ చెప్పింది. నేతగాళ్ళ భాషలో చెప్పాలంటే, ఒకే మగ్గం మీద చాలామంది కూచుని, ఎవరి నాడెలో ఏ రంగు కండె పెట్టాలో ఎవరికి వాళ్ళే అప్పటికప్పుడు తేల్చుకోవడం. ఒకసారి తేల్చుకున్నాక ఆ కణం సంతతంతా అదే రంగు నేస్తుంది. ఆ ఎరుపు చేసే మార్పు సరిగ్గా ఎక్కడుందో జపానులో క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్ళూ, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ విడివిడిగా కనిపెట్టి 2025లో ప్రకటించారు.

ఇంత లెక్క తెలిసినా మచ్చ ఎక్కడ పడుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. 2001 డిసెంబరులో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఒకదాంట్లో రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లికి అచ్చు నకలు పుట్టించారు. జన్యువులన్నీ అవే. తీరా పుట్టిన పిల్లకి ఎరుపే లేదు! నకలుకే గ్యారంటీ లేనప్పుడు నాలుగు అడ్వాన్సులు పుచ్చుకోవడానికి మనమెవరం?

"లోకంలో ఎవరిష్టం వాళ్ళది టీచరమ్మా, డబ్బిచ్చేవాడు కోరిన రంగు అడగడం తప్పా?" అనవచ్చు మీరు. ఇష్టపడటం తప్పు కాదు. నాకూ మబ్బురంగంటే ఇష్టమే. అమ్మేవాడు నిజం చెప్పాలంటాను. ఏ జన్యువులున్నాయో చెప్పే పరీక్షలిప్పుడున్నాయి. "నాలుగింట మూడు వంతులు" అని చెబితే మర్యాద. "గ్యారంటీ" అంటే మోసం. లెక్క తప్పినప్పుడు నింద ఆడపిల్లి మీదికి తోసెయ్యడం మోసం కన్నా నీచం.

రంగుకీ రూపానికీ ధర కట్టడంలో ఇంకో అన్యాయం ఉంది. రెండు కళ్ళూ నీలంగా ఉన్న తెల్లపిల్లులు మహా ఖరీదు. వాటిలో చాలా వాటికి చెవుడు. ఆ తెలుపు చేసే జన్యువే లోపలి చెవిని దెబ్బతీస్తుంది. చెవులు మడిచిన స్కాటిష్ ఫోల్డ్ పిల్లిని చూసి బొమ్మలా ఉందని మురిసిపోతాం. చెవి మెత్తటి ఎముకని వంచిన లోపమే కీళ్ళనీ పట్టుకుంటుంది. అది నడిచినన్నాళ్ళూ నొప్పే. మల్లి చప్పిడి ముక్కు చూడటానికి ముద్దే. కానీ ఏప్రిల్ మధ్యాహ్నం మన ఎండకి అది గచ్చు మీద పరుచుకుని ఎగశ్వాస తీస్తూంటే, కళ్ళవెంట నీళ్ళు కారుతూంటే చూడండి, ఆ ముద్దుకి ధర ఎవరు చెల్లిస్తున్నారో తెలుస్తుంది. జన్యుశాస్త్రం నేర్చుకోవలసింది ఇందుకు. జబ్బు పిల్లలు పుట్టకుండా చూడటానికి. కర్టెన్లకి మ్యాచింగు పిల్లి తెచ్చుకోవడానికి కాదు.

ఇక, తర్వాత చెబుతానన్న మాట.

మా చెల్లెలికి ఇద్దరు ఆడపిల్లలు. రెండోది పుట్టినప్పుడు నేనా గదిలోనే ఉన్నాను. పసిగుడ్డుని చూసి చుట్టపక్కాల్లో ఒకావిడ, "మళ్ళీ ఆడపిల్లా? పైగా ఈ రంగొకటి, మా వంశంలో లేదే!" అంది. నవ్వుతూనే అంది. తొమ్మిది నెలలూ పాలల్లో కుంకుమపువ్వు కలిపి తాగిన మా చెల్లెలు ఆ రోజు కూడా ఇలాగే గచ్చు వైపు చూసింది. నేను, సైన్సు టీచర్ని, నోరు మెదపలేదు. బాలింత ఇంట్లో గొడవెందుకని ఊరుకున్నాను. ఆ మౌనం నన్ను పదమూడేళ్ళుగా గుచ్చుతూనే ఉంది.

అప్పుడనవలసిన మాట ఇప్పుడంటాను. ఆడో మగో తేల్చేది తండ్రి ఇచ్చే ఎక్స్ లేదా వై. అందులో తల్లి ప్రమేయం లేదు. మనుషుల రంగు పిల్లుల రంగంత సులభం కాదు. ఎన్నో జన్యువులు కలిసి చేసే పని అది. తల్లి వైపూ తండ్రి వైపూ తాతమ్మల దాకా అందరి వాటాలూ ఉంటాయి. కుంకుమపువ్వుకి అందులో వాటా లేదు. అది రుచికీ వాసనకీ పనికొస్తుంది, పాయసంలో వేసుకోండి. "మా వంశంలో లేదు" అనేవాళ్ళకి ఒకటే జవాబు. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. దుప్పటి కింద ఏముందో ఆ మగపిల్లి యజమానికి తెలియనట్టే మనకీ తెలియదు.

అయినా చూడండి, పెళ్ళి ప్రకటనల్లో ఇంకా "తెల్లని అమ్మాయి కావలెను" అని వేయిస్తున్నది ఎవరు? మగవాళ్ళొక్కరేనా? పేరంటంలో కొత్త కోడల్ని చూసి, "కాస్త చామనఛాయేమో" అని గుసగుసలాడేది ఎవరు? మనమే కదూ! మల్లి కథ విని జాలిపడేవాళ్ళం, మన కోడళ్ళ విషయంలో మగపిల్లి యజమానులం అయిపోతాం. నేనూ అందుకు మినహాయింపు కాదు. నోరు మూసుకున్నవాళ్ళదీ ఆ పక్షమే.

పంచాయితీ ఎలా ముగిసిందంటారా? మరిది మంచివాడే. కాగితం ముందు పెట్టుకుని లెక్కంతా మళ్ళీ వేయించుకున్నాడు. మగపిల్లి యజమానికి ఫోను చేసి, "మీదాంట్లోనూ బూడిద ఉండాదంటకదప్పా" అన్నాడు. అవతల ఫోను పెట్టేశారు. ఒకరి అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. మల్లికి పశువుల డాక్టరు చేత ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. ఇల్లు కదలలేదు. అత్తగారు ఏమీ అనలేదుగానీ, సాయంత్రం పాలగిన్నె ఆవిడే మల్లి ముందుకి జరిపారు. మా చెల్లెలు బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేముందు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "అప్పుడే చెప్పింటే బాగుండేదక్కా" అంది. నేనేమీ అనలేకపోయాను.

బూడిద పిల్ల నా ఒళ్ళో బుట్టలో ఆదోని వచ్చేసింది. మబ్బు అని పేరు పెట్టాను. మొన్న పక్కింటావిడ దాన్నెత్తుకుని, "ఎంత బాగుందో! ఇది ఎవరి పోలిక టీచరమ్మా?" అని అడిగింది.

"ఇద్దరిదీ" అన్నాను.